హెపటైటిస్ బి టీకా: అందరికా, కొందరికా?

భారతదేశపు పారిశ్రామిక చరిత్రలో భిలాయ్‌ది విశిష్టమైన స్థానం. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2వ తేదీన కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి, ఆనాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో ఈ ఉక్కు కర్మాగారం రూపొందింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. వరిపొలాల నడుమ వెలసిన ఈ నగరానికి దేశంలోని అన్ని ప్రాంతాల నుండి ఇంజనీర్లు, కార్మికులు, ఉపాధ్యాయులు, వైద్యులు తరలివచ్చారు. సెక్టార్లుగా విభజించిన ఈ పట్టణంలో ఛత్తీస్‌గఢీ, హిందీ, తెలుగు, బెంగాలీ, మలయాళం, పంజాబీ, ఒడియా భాషలు ఇరుగుపొరుగు ఇళ్ళలో వినిపిస్తాయి. భిలాయ్‌ను లఘు భారతమని వ్యవహరించడం అందువల్లనే.

ఇటువంటి నగరంలో పిల్లలు ఒకే బడిలో చదువుతారు, ఒకే మైదానంలో ఆడుకుంటారు. వారిలో ఎవరికి ఏ వ్యాధి సోకే ప్రమాదమున్నదో ముందుగా నిర్ణయించడం సాధ్యమేనా? సాధ్యమైన పక్షంలో ఆ కొద్దిమందికి మాత్రమే టీకా వేసి ప్రజాధనాన్ని పొదుపు చేయవచ్చు. సాధ్యం కాని పక్షంలో పుట్టిన ప్రతి బిడ్డకూ టీకా వేయవలసినదే. హెపటైటిస్ బి అనే కాలేయ వ్యాధి విషయంలో పలు దేశాలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. భారతదేశంలోనూ దీనిపై ప్రజారోగ్య నిపుణుల మధ్య సుదీర్ఘమైన చర్చ జరిగింది. ఆ చర్చలోని ఉభయ పక్షాల వాదాలను, తుదకు దేశం ఎన్నుకున్న మార్గాన్ని తెలుసుకోవడం విద్యార్థులకు ఎంతైనా అవసరం.

వ్యాధి స్వభావం

కామెర్లు అన్నంతనే అవన్నీ ఒకే వ్యాధి అని సామాన్యంగా భావిస్తారు. వాస్తవానికి కాలేయానికి వాపు కలిగించే వైరస్‌లు పలు రకాలు. కలుషితమైన నీటి ద్వారా, ఆహారం ద్వారా వ్యాపించేవి ఎ, ఇ రకాలు. బి రకం నీటి ద్వారా రాదు. అది రక్తం ద్వారా, శరీర ద్రవాల ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుండి బిడ్డకు సంక్రమిస్తుంది. శరీరం వెలుపల పడిన రక్తపు మరకలో సైతం ఈ వైరస్ కనీసం 7 రోజులు సజీవంగా ఉండగలదు. కనుక శుద్ధి చేయని సూది, ఒకరు వాడిన క్షురకత్తి, పచ్చబొట్టు పొడిచే సాధనం, ఆటలో తగిలిన గాయం కూడా దానికి దారి కావచ్చు. కలిసి తినడం వల్ల, కరచాలనం వల్ల, పక్కన కూర్చోవడం వల్ల ఇది రాదు.

ఈ వ్యాధిలోని ప్రధానమైన విశేషం ఒకటున్నది. అది సోకిన వయస్సును బట్టి దాని పరిణామం మారిపోతుంది. పెద్దవారికి సోకితే నూటికి 95 మంది కొన్ని నెలలలో దానిని జయిస్తారు. అదే పుట్టుక సమయంలో సోకితే నూటికి 90 మంది శిశువులలో వైరస్ శాశ్వతంగా నిలిచిపోతుంది. 5 ఏండ్లలోపు సోకితే సుమారు మూడింట ఒక వంతు నుండి సగం వరకు పిల్లలలో అలాగే స్థిరపడుతుంది. అటువంటి బిడ్డ ఆరోగ్యంగానే కనిపిస్తాడు, చదువుకుంటాడు, ఉద్యోగంలో చేరుతాడు. రెండు మూడు దశాబ్దాల తరువాత, అనగా కుటుంబ భారం వహించే వయస్సులో, కాలేయం గట్టిపడే సిర్రోసిస్ గానీ, కాలేయ క్యాన్సర్ గానీ బయటపడవచ్చు. ఉగ్గుపాల నాడు ప్రవేశించిన శత్రువు ఇల్లు నిలబెట్టే నాడు దెబ్బతీస్తుందన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా 25 కోట్ల 40 లక్షల మంది దీర్ఘకాలిక హెపటైటిస్ బి తో జీవిస్తున్నారు. వారిలో సుమారు 2 కోట్ల 98 లక్షల మంది భారతీయులు. ఆ ఒక్క ఏడాదిలో ఈ వ్యాధి వల్ల మరణించినవారి సంఖ్య ప్రపంచంలో సుమారు 11 లక్షలు.

కొందరికే చాలుననే వాదం

అమెరికా శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తపు నమూనాలో ఒక అపరిచిత ప్రతిజనకాన్ని కనుగొన్నారు. అది హెపటైటిస్ బి వైరస్ ఉపరితలానికి చెందినదని తరువాత తేలింది. ఈ కృషికి ఆయనకు 1976లో నోబెల్ బహుమతి లభించింది. 1981లో అమెరికాలో తొలి టీకాకు అనుమతి వచ్చింది. వ్యాధి వాహకుల రక్తం నుండి శుద్ధి చేసి తయారు చేసిన ఆ టీకా మిక్కిలి ఖరీదైనది. అందుచేత దానిని వైద్య సిబ్బందికి, తరచు రక్తం ఎక్కించుకొనే రోగులకు, వ్యాధిగల తల్లుల శిశువులకు, మరికొన్ని వర్గాలకు పరిమితం చేయడం సహజంగానే తోచింది.

భారతదేశంలో కూడా లక్షిత టీకా విధానాన్ని సమర్థించినవారి వాదం తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. దేశ జనాభాలో ఈ వైరస్ వాహకులు నూటికి 2 నుండి 4 వరకు ఉంటారని అంచనా. కనుక నూరుమంది గర్భిణులలో తొంభై ఆరుగురికి పైగా ఈ వైరస్ లేనివారే. ఆ తల్లులకు పుట్టే శిశువులందరికీ ఖరీదైన టీకా వేయడం అవసరమా? అదే ధనంతో తట్టు నుండి, అతిసారం నుండి, రక్తహీనత నుండి మరింత మందిని కాపాడవచ్చు గదా? గర్భిణులకు రక్తపరీక్ష జరిపి, వైరస్ ఉన్న తల్లుల బిడ్డలకు మాత్రమే టీకా వేస్తే చాలదా? ధనం పరిమితమైన దేశంలో ఈ ప్రశ్నలు అడగడం వైద్యుల బాధ్యతయే.

అయితే ఈ విధానం విజయవంతం కావడానికి కొన్ని నియమాలు తప్పనిసరి. ఉదాహరణకు ఒక ప్రాంతంలో 1000 మంది గర్భిణులు ఉన్నారని, వారిలో నూటికి ముగ్గురు వాహకులని అనుకుందాం. ఆ 30 మందిని గుర్తించడానికి 1000 మందికీ పరీక్ష జరపాలి. ప్రతి ఒక్కరూ కాన్పుకు ముందే ఆస్పత్రికి రావాలి. పరీక్ష ఫలితం కాన్పు జరిగే చోటికి సకాలంలో చేరాలి. అయిదింట ఒక వంతు మంది పరీక్షకు రాకపోతే, సగటున 6 మంది వాహక తల్లులు గుర్తింపుకు అందకుండా పోతారు. ఇన్ని ఏర్పాట్లు చేసినప్పటికీ తక్కిన 970 మంది తల్లుల బిడ్డలకు బాల్యంలో ఇతర మార్గాల ద్వారా సోకే వ్యాధి నుండి రక్షణ ఏమీ ఉండదు. భారతదేశంలో ఈ రెండవ మార్గం స్వల్పమైనది కాదు.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో 1982 నుండి కొన్ని వర్గాలకు మాత్రమే టీకాను సిఫారసు చేశారు. ఆశించిన ఫలితం రాలేదు. కారణం స్పష్టమైనదే. వ్యాధి సోకినవారిలో నూటికి 30 మందికి తక్కువ కాకుండా ఏ ప్రమాద వర్గానికీ చెందినట్లు తెలియరాలేదు. ఆ వర్గాలకు చెందినవారు సైతం తమను తాము గుర్తించుకొని టీకాకు ముందుకు రావడం అరుదు. 1988లో గర్భిణులందరికీ పరీక్ష జరపాలన్నారు. 1991లో శిశువులందరికీ టీకా వేయాలని సిఫారసు చేశారు.

తైవాన్ మరొక ఉదాహరణ. అక్కడ 1984 జూలైలో వాహక తల్లుల శిశువులతో ఆరంభించి, 1986లో నవజాత శిశువులందరికీ విస్తరించారు. 6 నుండి 14 ఏండ్ల వయస్సుగల పిల్లలలో కాలేయ క్యాన్సర్ 1981–86 మధ్య లక్షకు 0.70గా ఉండగా, 1990–94 నాటికి 0.36కు తగ్గింది. ఒక టీకా వల్ల క్యాన్సర్ తగ్గుతుందని ఒక దేశ జనాభాలో ఈ విధంగా నిరూపితమైంది. 1992లో ప్రపంచ ఆరోగ్య సభ అన్ని దేశాల టీకా కార్యక్రమాలలోను దీనిని చేర్చాలని నిర్ణయించింది.

అన్ని దేశాలూ ఒకే అడుగు వేయలేదు. వ్యాధి మిక్కిలి అరుదైన బ్రిటన్ చిరకాలం లక్షిత విధానాన్నే అనుసరించి, 2017 ఆగస్టు 1 నుండి పుట్టిన శిశువులందరికీ టీకాను వర్తింపజేసింది. మరొకవైపు 2025 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ టీకా సలహా సంఘం, వైరస్ లేదని పరీక్షలో తేలిన తల్లుల శిశువుల విషయంలో పుట్టిన వెంటనే వేసే మోతాదును తల్లిదండ్రుల నిర్ణయానికి విడిచింది. అక్కడి శిశువైద్యుల అకాడమీ మాత్రం పూర్వ విధానాన్నే సమర్థించింది. దీనిని బట్టి చర్చ సమసిపోలేదని, ప్రతి దేశమూ తన పరిస్థితులను తానే తూచుకోవలసి ఉన్నదని బోధపడుతుంది.

హైదరాబాదు నుండి వచ్చిన మార్పు

భారతదేశంలో ఈ త్రాసు మొగ్గడానికి ఒక ముఖ్య కారణం తెలుగు నేలపై జరిగిన కృషి. హైదరాబాదులో 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించారు. తొలిదశ పరిశోధనకు ఉస్మానియా విశ్వవిద్యాలయం, సి.సి.ఎం.బి. ప్రాంగణాలు ఆశ్రయమిచ్చాయి. వైరస్ ఉపరితల ప్రతిజనకానికి సంబంధించిన జన్యువును పికియా పాస్టోరిస్ అనే ఈస్టు కణాలలో ప్రవేశపెట్టి, వాటి చేత ఆ ప్రతిజనకాన్ని తయారు చేయించడం ఈ పద్ధతి. ఇందులో మానవ రక్తంతో పనిలేదు, సజీవమైన వైరస్ లేదు. కనుక టీకా వల్ల వ్యాధి సోకే అవకాశమే లేదు.

1997 ఆగస్టులో శాన్‌వాక్ బి అనే పేరుతో భారతదేశపు తొలి స్వదేశీ పునస్సంయోజిత హెపటైటిస్ బి టీకా విడుదలైంది. మరుసటి ఏడాది హైదరాబాదులోనే భారత్ బయోటెక్ సంస్థ టీకా కూడా వచ్చింది. అంతవరకు దిగుమతి అయిన టీకా ఒక్కొక్క మోతాదు వందల రూపాయలు పలికేది. పోటీ వల్ల ధర అందులో చిన్న భాగానికి దిగివచ్చింది. అందరికీ టీకా వేయడానికి ప్రధాన ఆటంకం ఖర్చే అయినప్పుడు, ఆ ఖర్చు తగ్గడంతో వాద స్వరూపమే మారిపోయింది. 1000 మందికి పరీక్షలు జరిపి 30 మందిని వెదకడం కంటే, 1000 మంది శిశువులకూ టీకా వేయడమే సులభమైన, నమ్మదగిన మార్గంగా కనిపించసాగింది.

రాష్ట్రాల సరిహద్దు, శిశువు హక్కు

2002–03లో కేంద్రప్రభుత్వం ఎంపిక చేసిన కొన్ని నగరాలలోను, జిల్లాలలోను ప్రయోగాత్మకంగా ఈ టీకాను ప్రవేశపెట్టింది. 2007–08లో పది రాష్ట్రాలకు విస్తరించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఛత్తీస్‌గఢ్ ఆ పదింటిలో లేదు. 2011లో దేశమంతటికీ ఈ కార్యక్రమం వర్తించింది.

ఈ మధ్యకాలపు పరిస్థితిని భిలాయ్ దృష్టితో చూస్తే లక్షిత విధానంలోని చిక్కు స్పష్టమవుతుంది. రాయపూర్ నుండి విజయనగరం వరకు సాగే రైలుమార్గం ఉత్తరాంధ్ర జిల్లాలను ఛత్తీస్‌గఢ్ మైదానంతో కలుపుతుంది. తొలి కాన్పుకు ఆడపడుచు పుట్టింటికి వెళ్ళడం తెలుగువారి ఆచారం. 2008లో భిలాయ్ నుండి పురిటికి విజయనగరం వెళ్ళిన ఒక గృహిణిని ఊహించుకుందాం. అక్కడ ఆమె బిడ్డకు ప్రభుత్వ కార్యక్రమం కింద హెపటైటిస్ బి టీకా ఆరంభమయ్యే వీలున్నది. మూడవ నెలలో ఆమె భర్త ఇంటికి తిరిగివస్తే, మిగిలిన మోతాదు ఆ రాష్ట్ర ప్రభుత్వ పట్టికలో లేదు. కొనగలిగిన కుటుంబం కొని వేయించుకుంటుంది. ఆమె పొరుగున దినకూలీ కుటుంబంలో పుట్టిన బిడ్డకు ఆ అవకాశమూ లేదు. వైరస్ మాత్రం రాష్ట్ర సరిహద్దులను, జీతపు చీటీలను చూచి ఆగదు.

ఉక్కు పట్టణాలలో మరొక అంతరం కూడా సహజంగా ఏర్పడుతుంది. శాశ్వత ఉద్యోగుల కుటుంబాలకు సంస్థ వైద్యసేవ ఉద్యోగంతో వచ్చే హక్కు. భిలాయ్ సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆస్పత్రి ఇటువంటి సేవకు ప్రసిద్ధి చెందినది. పట్టణం అంచున నివసించే తాత్కాలిక కూలీల, చుట్టుపక్కల గ్రామాల పిల్లలు ప్రధానంగా ప్రభుత్వ కార్యక్రమం మీదనే ఆధారపడతారు. టీకా ఈ రెండు వర్గాలలో ఒకరికి అంది మరొకరికి అందకపోతే, వైరస్‌కు ఆశ్రయం మిగిలే ఉంటుంది. సార్వత్రిక కార్యక్రమం ఈ అంతరాన్ని పూడుస్తుంది. బిడ్డ తల్లి ఏ భాష మాట్లాడినా, తండ్రి ఏ పని చేసినా టీకా పట్టిక ఒక్కటే.

ప్రమాద వర్గాలను ముందుగా గుర్తించగలమనే నమ్మకాన్ని మరొక సంఘటన కూడా దెబ్బతీసింది. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సూదులనే తిరిగి వాడిన కారణంగా హెపటైటిస్ బి ప్రబలి, అనేకులు మరణించారు. సాధారణ చికిత్సకై సూదిమందు వేయించుకున్న సామాన్యులే దాని పాలబడ్డారు. వారెవరూ ఏ జాబితాలోనూ లేనివారు.

మొదటి 24 గంటలు

సార్వత్రిక విధానం ప్రకటించినంత మాత్రాన పని పూర్తి కాదు. ఈ టీకా మొదటి మోతాదు పుట్టిన 24 గంటలలోపు వేయాలి. కాన్పులో తల్లి నుండి వైరస్ ప్రవేశించినప్పటికీ, అది స్థిరపడకముందే ప్రతిరక్షకాలు తయారు కావాలన్నదే దీని ఆంతర్యం. ఆ తరువాత 6, 10, 14 వారాల వయస్సులో కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, హిబ్ వ్యాధులకు సంబంధించిన టీకాలతో కలిపి పెంటావాలెంట్ రూపంలో దీనిని ఇస్తారు. అన్ని మోతాదులూ పూర్తయిన శిశువులలో నూటికి 95 మందికి పైగా రక్షణ లభిస్తుంది.

ఇంటిలోనే కాన్పు జరిగిన చోట 24 గంటల నియమం పాటించడం కష్టసాధ్యం. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఛత్తీస్‌గఢ్‌లో ఆస్పత్రులలో జరిగిన కాన్పులు సుమారు ఏడింట ఒక వంతు మాత్రమే. 2015–16 నాటికి అవి నూటికి 70కి, 2019–21 నాటికి సుమారు 86కు పెరిగాయి. ఈ మార్పులో మితానిన్‌ల పాత్ర ప్రశంసనీయమైనది. మితానిన్ అనగా ఛత్తీస్‌గఢీ భాషలో స్నేహితురాలు. రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాలలోనే పల్లెపల్లెలో ఎంపికైన ఈ మహిళలు గర్భిణులను ఆస్పత్రికి తోడ్కొనిపోవడం, శిశువులకు టీకాలు వేయించడం తమ బాధ్యతగా స్వీకరించారు.

టీకా నిలువలో కూడా జాగ్రత్త అవసరం. దీనిని 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. వేడి వల్ల టీకా చెడిపోతుందని అందరికీ తెలుసు. ఈ టీకా గడ్డకట్టినా పనికిరాదన్న సంగతి కొద్దిమందికే తెలుసు. మంచుగడ్డకు ఆనించి ఉంచిన సీసాలోని మందు పైకి బాగానే కనిపించినా రక్షణ ఇవ్వలేకపోవచ్చు.

రెండు మార్గాల సమన్వయం

అందరికీ టీకా వేయడం మొదలైన తరువాత గర్భిణులకు పరీక్షతో పనిలేదని భావించడం పొరపాటు. వైరస్ అధికంగా గల తల్లి నుండి శిశువును కాపాడడానికి టీకా ఒక్కటే ఒక్కొక్కప్పుడు చాలదు. అటువంటి శిశువుకు టీకాతోపాటు హెపటైటిస్ బి ఇమ్యునోగ్లోబులిన్ అనే తయారైన ప్రతిరక్షకాలను కూడా ఇస్తారు. అవసరమైన తల్లులకు గర్భధారణ చివరి నెలలలో వైరస్‌ను అణచే మందు ఇవ్వాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో రోగనిర్ధారణ, చికిత్స ఉచితంగా లభించే ఏర్పాటున్నది. జూలై 28 బ్లంబర్గ్ జన్మదినం, ప్రపంచ హెపటైటిస్ దినం కూడా.

కాగా, సార్వత్రిక విధానం, లక్షిత విధానం పరస్పర విరుద్ధాలు కావు. సార్వత్రిక టీకా పునాది వంటిది. గుర్తింపుకు అందిన తల్లికీ బిడ్డకూ అదనపు రక్షణ ఆ పునాదిపై లేచే గోడ వంటిది. పునాది లేకుండా గోడ మాత్రమే కట్టబూనితే, గుర్తింపుకు అందని బిడ్డ ఆరుబయటనే మిగిలిపోతుంది. దేశంలో 12 నుండి 23 నెలల వయస్సు పిల్లలలో ఈ టీకా మూడు మోతాదులు పొందినవారు 2015–16లో నూటికి సుమారు 63 మంది కాగా, 2019–21 నాటికి 84 మందికి చేరారు. ఇది గణనీయమైన ప్రగతియే. మిగిలిన 16 మంది ఎవరన్నదే ఇకపై ప్రశ్న. వలస కూలీల గుడిసెలలో, ఇటుక బట్టీల వద్ద, అడవి అంచు పల్లెలలో వారిని వెదకవలసి ఉన్నది. లక్షిత కృషికి అసలైన స్థానం అక్కడనే.

సార్వత్రిక విధానం వల్ల మరొక మేలు కూడా ఒనగూడింది. కొందరికి మాత్రమే టీకా వేసినప్పుడు ఆ కొందరిపై లోకం వేలెత్తి చూపుతుంది. అందరికీ వేసినప్పుడు ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. వాహకుడని తెలిసిన సహాధ్యాయిని దూరం పెట్టడానికి శాస్త్రంలో ఆధారమేదీ లేదు. టీకా పొందిన బిడ్డకు అతని పక్కన కూర్చోవడానికి భయమూ లేదు.

ఈ సందర్భంలో కళాశాల విద్యార్థులు గమనించవలసిన విషయమొకటున్నది. భిలాయ్‌లో గానీ, దేశవ్యాప్త కార్యక్రమం 2011 వరకు చేరని ఇతర ప్రాంతాలలో గానీ అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి శైశవంలో ఈ టీకా అంది ఉండకపోవచ్చు. ఇంటిలో తమ్మునికి, చెల్లెలికి లభించిన రక్షణ అన్నకు, అక్కకు లభించలేదన్నమాట. అటువంటివారు తమ టీకా కార్డును చూచుకొని, వైద్యుని సలహాపై పరీక్ష జరిపించుకొని, అవసరమైతే మొదటి రోజున, ఒక నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదులుగా టీకా పొందవచ్చు. వైద్య, నర్సింగు, ప్రయోగశాల విద్యలలో చేరదలచినవారికి ఇది మరింత ముఖ్యం. పుట్టిననాడు అందని రక్షణను ఈనాడైనా పొందే వీలున్నది.